మంగళవారం కూర

పరీక్షనాళికలో మూత్రం చుక్కలు వేసిన నీలం మందు కాగుతూ కాగుతూ ఆకుపచ్చకు తిరిగింది, పసుపు దాటింది, చివరికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రబడి ఆగింది. దయావతి స్పిరిటు దీపం ఆర్పి, నాళికను వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని, చెల్లెలి ముఖం చూడకుండానే అడిగింది.

"రాత్రి ఏం తిన్నావే?"

"నువ్వు పెట్టిందే."

"నేను పెట్టింది రెండు పుల్కాలు, కాస్త సొరకాయ కూర. దానికి షుగరు ఇంత ఎర్రగా రాదు."

ఈ సంభాషణ వారానికి మూడు నాలుగుసార్లు జరుగుతోంది. జవాబు చెప్పినా చెప్పకపోయినా తేడా లేదని జయశీలకు ఎప్పుడో అర్థమైంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మంచం అంచున కూర్చుని, తొడ మీద ఈరోజు ఇంజక్షను ఎక్కడ పొడిపించుకోవాలా అని వేళ్ళతో తడిమి చూసుకుంది. చాలాచోట్ల చర్మం గట్టిపడిపోయి ఉంది.

ఢిల్లీ కోట్లా ముబారక్‌పూర్‌లో మూడంతస్తుల ఇంటి మీద ఉన్న బర్సాతీ అది. ఒక గది, రేకులు కప్పిన వంటిల్లు, మిగిలినదంతా డాబా. ఏప్రిల్ సగమైనా కాలేదు, పొద్దున్నే రేకులు వేడెక్కుతున్నాయి. దయావతి గది మూలన తడి ఇసుకలో నిలబెట్టిన మట్టికుండ మూత తీసి రెండు ఇన్సులిన్ సీసాలు బయటికి తెచ్చింది. ఒకటి తేటగా ఉంటుంది, ఒకటి తెల్లగా. అక్కాచెల్లెళ్ళు వాటిని నీళ్ళమందు, పాలమందు అంటారు. నీళ్ళమందు తొందరగా పనిచేసి తొందరగా దిగిపోతుంది. పాలమందు రోజంతా నెమ్మదిగా పనిచేస్తుంది. దయావతి పాలమందు సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లించి, మరగబెట్టి ఆరబెట్టిన గాజు సిరంజి తీసుకుంది.

"నీళ్ళమందు రెండు యూనిట్లు పెంచుతున్నా."

"వద్దక్కా. డ్యూటీలో పడిపోతా."

"ఉప్మా మొత్తం తింటే ఎందుకు పడిపోతావు?"

"తిన్నా పడిపోతున్నా గదా. నిన్నగాక మొన్న పడిపోలా?"

"కడుపునిండా తిన్న మనిషికి షుగరు పడదు జయా. నేను వార్డులో చూసేది రోగుల్నే గదా, గోడల్ని కాదు గదా." దయావతి సూది దించింది. ఆమె చేయి తేలిక. ఆ ఊరి పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఆమెకు అంత పేరు రావడానికి ఆ చేయే కారణం. "ఇంజక్షను, తరవాత అరగంట ఆగడం, తరవాత తిండి. అది తప్పకపోతే ఏమీ కాదు."

అరగంట అయ్యాక పళ్ళెం వచ్చింది. దయావతి యూనిఫారం వేసుకుంటూ, తలలో పిన్నులు గుచ్చుకుంటూ, చెల్లెలు ప్రతి ముద్దా మింగిందో లేదో చూస్తూనే ఉంది. జయశీలకు తేన్పు వచ్చింది. నోట్లో సొరకాయ రుచి తగిలింది. రాత్రి తిన్నది ఇంకా కదలలేదు. దాని మీద ఉప్మా కూడా దింపింది.

*

దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజీలో జయశీలది కిటికీ పక్క బోర్డు. హెడ్‌సెట్టు తగిలించుకుని, ముందున్న తీగల్ని వరసగా లాగి చూసుకుని కూర్చుందంటే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేచే పనిలేదు. హైదరాబాదుకూ, బెజవాడకూ జనం సొంతంగా డయలు తిప్పుకుని మాట్లాడుకుంటున్నా, నరసరావుపేటకో అమలాపురానికో కావలికో కావాలంటే ఇప్పటికీ ఆమె దగ్గరికే రావాలి. ఢిల్లీలో అద్దెగదుల్లో ఉండి పరీక్షలకు చదువుకునేవాళ్ళు, ఆసుపత్రుల్లో నర్సులు, సంసారాలు వదిలివచ్చిన గుమాస్తాలు ఆమె పేరు తెలియకుండానే "తెలుగు ఆపరేటరు గారు ఉన్నారాండీ" అని అడిగేవారు. అటువైపు నాలుగుసార్లు లైను తప్పి, గాలిహోరులో ఎవరి గొంతో దూరంగా వినబడ్డప్పుడు, ఓపికగా వాళ్ళను వెనక్కి పిలిచి, "ఇప్పుడు మాట్లాడండి" అని తాను తప్పుకోవడం ఆమెకు ఇష్టమైన క్షణం.

ఆరోజు రాజేందర్ నగర్ నుంచి ఒకాయన నరసరావుపేటకు అర్జంటు కాల్ బుక్ చేశాడు. తండ్రికి ఆపరేషను జరుగుతోంది, ఆసుపత్రి నంబరిచ్చాడు. లైను దొరికేటప్పటికి జయశీల పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది. బోర్డు మీద దీపాలు ఒక్కొక్కటి రెండేసిగా కనిపిస్తున్నాయి. ఆ కాల్ కలిపేసి లేద్దామనుకుంది.

"నరసరావుపేట వచ్చిందండీ, మాట్లాడండి."

ఆ తరవాత ఆమె తప్పుకోవాలి. తప్పుకోలేదు. "హలో నరసరావుపేటా. హలో నరసరావుపేటా," అంటూనే ఉంది. అటు ఎవరో ఆడమనిషి ఏడుపుగొంతుతో ఏదో చెప్పబోతోంది. ఇటు ఆయన "అమ్మా, అమ్మా, ఆపరేటరు గారూ, కాస్త ఉండండి" అని బతిమాలుతున్నాడు. జయశీలకు ఆ గొంతులు వినబడుతూనే ఉన్నాయి, వాటితో తనకు పని ఉన్నట్టు మాత్రం తోచలేదు. చెయ్యి దానంతటది ముందుకు వెళ్ళి తీగ పీకేసింది.

సూపర్‌వైజరు మిసెస్ సభర్వాల్ వెనకనుంచి వచ్చి హెడ్‌సెట్టు ఊడదీసేసరికి జయశీల జాకెట్టు చెమటతో వీపుకి అతుక్కుపోయింది. విశ్రాంతి గదిలో పడుకోబెట్టి, నాలుగు చెంచాల చక్కెర వేసి టీ తాగించారు. తాగింది. టీ వెళ్ళి ఉప్మా మీద కూర్చుంది. వొంట్లోకి దిగలేదు. చాలాసేపటికి వచ్చిన డిస్పెన్సరీ డాక్టరు ఆమె కనురెప్పలు ఎత్తి చూసి, ఖాళీ కప్పు చూసి, "ఇంత తీపి తాగి కూడా లేవలేదంటే ఇది షుగరు కాదు, హిస్టీరియా. పెళ్ళి కాలేదు కదూ?" అని హిందీలో అడిగాడు. కమలాకుమారి పక్కనే ఉంది. ఆమెది వరంగల్, వెనక వరసలో బొంబాయి లైన్లు చూస్తుంది. ఆమె జయశీల అరిపాదాలు రుద్దుతూ కూర్చుంది.

ఎప్పటికో ఆ గది గోడల రంగు మళ్ళీ రంగులా కనిపించింది. జయశీల మొట్టమొదట అడిగింది నరసరావుపేట కాల్ గురించి.

"మల్ల కలిపిన అక్కా," అంది కమలాకుమారి. "నువ్వు ముందుగాల అన్నం తిను. డబ్బా ఖాళీ అయ్యేదాకా నేనీడికెల్లి కదల."

దయావతి పెట్టిన గోరుచిక్కుడు కూర, అన్నం. జయశీలకు ఆకలి లేదు. ఆకలన్నది ఎట్లా ఉంటుందో మరిచిపోయి నెలలైంది. అయినా ఆ పిల్ల మాట కాదనలేక తినేసింది.

ఇంటికి వెళ్ళేముందు మిసెస్ సభర్వాల్ పిలిచింది. కోపంగా లేదు. కళ్ళజోడు తీసి ముక్కు మీద నొక్కుకుంటూ, "జయా, ఆ మనిషి కంప్లైంటు ఇస్తానన్నాడు. నేను మాట్లాడి ఆపాను. కానీ ఇది నాలుగోసారి," అంది. "పెద్దాసుపత్రిలో చూపించుకో. సోమవారం వచ్చి ఏమన్నారో చెప్పు. లేకపోతే నిన్ను బోర్డు మీద కూర్చోబెట్టడం నావల్ల కాదు."

సాయంత్రం నాళిక మళ్ళీ ఎర్రగా వచ్చింది.

"చక్కెర టీ తాగించారక్కా."

"ఒక్క టీకి ఇదా?" దయావతి మంచం మీదున్న చెల్లెలి చేతిసంచి తీసుకుని, జిప్పు లాగి, దుప్పటి మీద బోర్లించింది. దువ్వెన, బస్సు పాసు, చేతిరుమాలు, చిన్న ప్రార్థన పుస్తకం, పడిపోయినప్పుడు పనికొస్తాయని దాచుకున్న తీపి నిమ్మబిళ్ళలు కొన్ని. దయావతి ఆ నిమ్మబిళ్ళల్ని ఒకచోటికి చేర్చి, వాటిని చూస్తూ నిలబడింది. జయశీల వంగి ఒక్కొక్క వస్తువే తిరిగి సంచిలో వేసుకుంది.

*

బుధవారం దయావతి సెలవు పెట్టి చెల్లెల్ని తన ఆసుపత్రికే తీసుకువెళ్ళింది. ఓపీడీలో జనం గచ్చు మీద, మెట్ల మీద, గేటు బయట చెట్ల కింద కూర్చుని ఉన్నారు. స్టాఫు మనుషులు కాబట్టి వీళ్ళకు ఎక్కువసేపు నిలబడే పని పడలేదు. డాక్టర్ మాథుర్ బల్ల చుట్టూ వైద్యవిద్యార్థులు అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. ఆయన జయశీల కాగితాలు తిరగేస్తూ ఇంగ్లీషులో వాళ్ళకు పాఠం మొదలుపెట్టాడు. చిన్నప్పుడే వచ్చిన మధుమేహం, ఇన్సులిన్ లేకుండా బతకదు, ఇన్నేళ్ళుగా నిలకడగా ఉండి ఇప్పుడు అదుపు తప్పింది. పొద్దున పడిపోవడం, సాయంత్రం పెరగడం. కారణం ఏమై ఉంటుంది?

విద్యార్థులు రకరకాలుగా చెప్పారు. ఆయన అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.

"సర్, ఒక మాట," అంది జయశీల. ఆమె ఇంగ్లీషు టెలిఫోను ఇంగ్లీషు, పొడిగా, మర్యాదగా ఉంటుంది. "నేను తిన్నది అరగడం లేదు. పొద్దున తిన్నది సాయంత్రం కూడా కడుపులోనే ఉంటోంది. ఒక్కోసారి నిన్న తిన్నది వాంతిలో వస్తోంది."

డాక్టరు ఆమె వైపు కాక విద్యార్థుల వైపు చూశాడు. "పొట్ట నాలుగైదు గంటల్లో ఖాళీ అవుతుంది. మొదటి సంవత్సరంలోనే చదివారు మీరు." తరవాత అదే గొంతుతో, "కారణం చాలా మామూలుది. ఈమె అక్కగారు మన దగ్గర స్టాఫ్ నర్సు. ఆవిడే నాతో చెప్పింది. పేషెంటు చాటుగా తింటోంది. తిన్నందుకు భయపడి మళ్ళీ భోజనం మానేస్తోంది, లేకపోతే వాంతి చేసుకుంటోంది. ఇలాంటివాళ్ళ మాట నమ్మి మీరు మందు మారిస్తే ప్రాణం తీసినవాళ్ళవుతారు."

ఒక అమ్మాయి అదంతా తలవంచుకుని రాసుకుంది. జయశీల పక్కకు తిరిగి చూసింది. దయావతి చేతులు కట్టుకుని, వార్డు రౌండ్లలో పెద్దడాక్టరు వెనక నిలబడ్డట్టే నిలబడి ఉంది. కళ్ళు కిందికి ఉన్నాయి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. ఆటల పోటీల కోసం కట్టిన కొత్త ఫ్లైఓవరు ఎక్కుతుంటే ఎండ కళ్ళలో పడింది.

"డాక్టరుగారు అడిగితే చెప్పా," అంది దయావతి కాసేపటికి. "వైద్యం సరిగ్గా జరగాలంటే ఉన్నదున్నట్టు చెప్పాలి."

"ఉన్నదా అది?"

"మరి నన్నేం చెయ్యమంటావ్? పొద్దున పడిపోతావు, సాయంత్రం ఇటుకరంగు. నేను చేసేదాంట్లో తేడా లేదు. నేను వేసే కొలతలో తేడా లేదు. ఇంక ఎక్కడుంది తేడా?"

జయశీల కిటికీ వైపు తిరిగింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి. అది లేదు. ఇంటికి వెళ్ళి పడుకోవాలని మాత్రం అనిపించింది.

*

ఆ సాయంత్రం పొద్దు ఇంకా గూకలేదు. దయావతి డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. జయశీల మంచం మీదనుంచి లేచి, గోడ పట్టుకుని, తలుపు దాకా రాగలిగింది. అక్కడే వాంతి అయింది. దయావతి బట్టలు గోడ మీద పడేసి, ఎనామిల్ బేసిను తెచ్చి అడ్డంపెట్టి, రెండో చేత్తో చెల్లెలి నుదురు పట్టుకుంది. ఆ పట్టు జయశీలకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎంత కోపంలో ఉన్నా ఆ చేయి గట్టిగా పట్టుకునేది.

నోరు కడిగించి, కూర్చోబెట్టి, దయావతి బేసిను తీసుకుని డాబా చివర తూము దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పోయబోయి ఆగింది. వంగింది. తరవాత అక్కడే గొంతుక్కూర్చుంది.

జయశీల తలుపుకు ఆనుకుని చూస్తోంది. అక్క వీపు, పండిపోయిన జుట్టుముడి, పక్కన పోయకుండా పెట్టిన నీళ్ళచెంబు. అంతసేపు ఏం చూస్తోందో అర్థం కాలేదు.

"ఇది గోరుచిక్కుడు," అంది దయావతి వెనక్కి తిరగకుండా.

"ఊఁ."

"ముక్క ముక్కలాగే ఉంది. నేను కోసినట్టే ఉంది." ఆమె గొంతు వార్డులో గొంతులా లేదు. "ఇది మంగళవారం కూర. నిన్న మధ్యాహ్నం నీ డబ్బాలో పెట్టింది. దీని తరవాత నీకు రాత్రి భోజనం పెట్టా, పొద్దున ఇడ్లీ పెట్టా, మధ్యాహ్నం మజ్జిగన్నం పెట్టా. ప్రతిదానికీ ముందు ఇంజక్షను..." ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

జయశీల గడప మీద కూర్చుంది. కింద వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోతున్నాడు.

"నీకు చెప్పాను గదక్కా."

"చెప్పావు."

"ఎన్నిసార్లు చెప్పాను."

"చెప్పావు జయా."

దయావతి లేచి బేసిను కడిగేస్తుందేమో అనుకుంది జయశీల. ఆమె కడగలేదు. దాని మీద పళ్ళెం మూతపెట్టి నీడలో ఒక పక్కగా ఉంచింది. గదిలోకి వచ్చి అలవాటుగా మట్టికుండ దగ్గర కూర్చుని మూత తీసింది. రాత్రి భోజనానికి ముందు వేసే మందు వేళ అది. సీసా బయటికి తీసింది, వేళ్ళ మధ్య తిప్పింది, మళ్ళీ లోపల పెట్టేసింది. కుండ మీద చేతులు వేసుకుని ఎటూ తోచనట్టు చెల్లెలి వైపు చూసింది. తనకు తెలివొచ్చినప్పటినుంచీ జయశీల అక్క ముఖంలో ఎప్పుడూ చూడని చూపు అది. ఆ చూపు చూసి ఆమెకు భయమేసింది.

*

దయావతి మరునాడు ఎవరిని బతిమాలిందో, శుక్రవారం పొద్దున్నే ఎక్సురే గదికి పిలుపు వచ్చింది. జయశీల ఎక్సురేలో కనబడే సున్నంలాంటి తెల్లటి ద్రవం గ్లాసుడు తాగింది. చల్లటి పలక మీద ఛాతీ ఆనించి నిలబడింది. ఒకసారి తీశారు, కాసేపాగి మళ్ళీ తీశారు, మధ్యాహ్నం మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. చివరి ఫిల్ములో కూడా పొట్ట అడుగున ఆ తెలుపు సంచిలో పిండిలా అలాగే వేలాడుతోంది.

శనివారం డాక్టర్ మాథుర్ ఆ ఫిల్ములను వెలుగుపెట్టె మీద వరసగా తగిలించి విద్యార్థులను పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. చాలాకాలం షుగరున్నవాళ్ళలో కొందరికి పొట్టను కదిలించే నరాలు దెబ్బతింటాయని, పైదేశాల పత్రికల్లో దీని గురించి ఇప్పుడిప్పుడే ఎక్కువగా వస్తోందని, ఇంత స్పష్టమైన ఫిల్ము తాను కూడా చూడలేదని చెప్పాడు. బుధవారం తలవంచుకుని రాసుకున్న అమ్మాయే ఈరోజూ రాసుకుంటోంది.

"సర్," అంది దయావతి. "బుధవారం నాడు నా మాట పట్టుకుని మీరు మా చెల్లెలు చాటుగా తింటోందన్నారు. నేను మీకు చెప్పింది తప్పు. ఆమె తినలేదు. వాంతి కావాలని చేసుకోలేదు."

"అదంతా ఇప్పుడెందుకు సిస్టర్. ఇప్పుడు తెలిసింది కదా."

"వీళ్ళ ముందు అన్నారు సర్. వీళ్ళ ముందే చెప్తున్నా."

డాక్టరు కొంచెం ఇబ్బందిగా తల ఊపి, కాగితం మీద ఏదో మాత్ర రాశాడు. భోజనానికి ముందు వేసుకోవాలి, కొద్దిగా మత్తుగా ఉంటుంది. పీచు ఉన్నవి, కొవ్వు ఉన్నవి మానాలి. కొంచెం కొంచెంగా, మెత్తగా, ఎక్కువసార్లు తినాలి. జయశీల అదంతా విని అడిగింది.

"ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి సర్?"

ఆయన కలం ఆపాడు. ఆమె వైపు నేరుగా చూడడం అదే మొదటిసారి. "నిజం చెప్పాలంటే పుస్తకంలో అది లేదమ్మా. నీ పొట్ట రేపు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. పాలలా ఉండేది మాత్రం ఎప్పుడూ మానకు. తొందరగా పనిచేసేది తిన్న తరవాత వేసి చూడు. ఎంతసేపటి తరవాత అంటే... నువ్వే చూసుకోవాలి."

బయటికి వచ్చాక జయశీల తనను దొంగ కాదన్నారన్న సంతోషం కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు. ఇక ముందు ప్రతి ముద్దకీ తానే కాపలా కాయాలన్న సంగతే పెద్దగా కనిపించింది. అక్క భుజం మీద చెయ్యి వేసి, "కాస్త కూర్చుందామా," అంది. కాంటీను మెట్ల మీద కూర్చున్నారు. దయావతి రెండు టీలు తెచ్చింది, ఒకటి చక్కెర లేకుండా.

*

ఆదివారం దయావతి చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్ళలేదు. పొద్దున్నే బియ్యపురవ్వ జావ కాచి, మజ్జిగ కలిపి, వడకట్టింది. పాలమందు ఎప్పటిలాగే వేసింది. తరవాత నీళ్ళమందు సీసా తీయబోయిన చేతిని జయశీల పట్టుకుంది.

"ముందు తింటా."

"ఖాళీగా... అదే, మందు లేకుండానా?" ఆ మాట అంటున్నప్పుడు దయావతి గొంతులో ఆమె పనిచేసిన వార్డులన్నీ వినిపించాయి.

"ఊఁ."

మాత్ర వేసుకుని, జావ సగం తాగింది. కూర్చుంది. దయావతి కూర్చోలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది, గడియారం చూసింది, సిరంజి మళ్ళీ మరగబెట్టింది.

"అరగంటయింది జయా."

"ఇంకా దిగలా. ఇక్కడే ఉంది." జయశీల రొమ్ముల కింద చెయ్యి పెట్టి చూపించింది.

"చెయ్యి పెడితే తెలుస్తుందా?"

"ఇన్నాళ్ళూ తెలుస్తూనే ఉంది."

జయశీల తనే మూత్రం పరీక్ష చేసుకుంది. నీలమే, అంటే షుగరు లేదు. ఇంకొంచెంసేపు డాబా మీద నడిచింది. ఎండ ఎక్కుతోంది. పక్క డాబా మీద ఎవరో పరుపులు ఎండబెట్టి కర్రతో దులుపుతున్నారు. ఒక చిన్న తేన్పు వచ్చింది, దానికి ఏ రుచీ లేదు. మళ్ళీ పరీక్ష చేసింది. నాళికలో నీలం అంచుల దగ్గర ఆకుపచ్చకు తిరుగుతోంది.

"ఇప్పుడు వెయ్యి. సగం."

"సగమా? మొత్తం వెయ్యకపోతే సాయంత్రానికి పెరుగుద్ది."

"సగం ఇప్పుడు. మిగతా సగం సంగతి తరవాత చూద్దాం."

దయావతి వేసింది. మధ్యాహ్నం దాకా జయశీల పడిపోలేదు. చెమట పట్టలేదు. నాలుగింటికి నాళికలో నారింజరంగు కనిపించింది. దయావతి పెదవి కొరుక్కుంది.

"చూశావా?"

"చూశా. ఈ రంగుతో నేను నిలబడగలుగుతున్నా అక్కా. షుగరు పడి నీలం వస్తే నిలబడలేకపోయా."

దయావతి మిగిలిన జావ వెచ్చచేసి తెచ్చి, ఈసారి ఎదురుగా నిలబడి చూడకుండా, పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం మిసెస్ సభర్వాల్‌కి జయశీల తానే వివరించింది. హిందీలో చెప్పడం మొదలుపెట్టి, మాటలు దొరకక, పని మాటల్లోకి దిగింది. "మేడం, లైను కలిసేటప్పటికి అటు మనిషి రాడు. మనిషి వచ్చేటప్పటికి లైను పోతుంది. నా వొంట్లో మందుకీ అన్నానికీ అట్లా అవుతోంది. కాస్త కాస్త తినడానికి వీలుంటే, పరీక్ష చేసుకోవడానికి మధ్యలో లేవనిస్తే, పడిపోను."

ఆవిడ శ్రద్ధగా విన్నది. ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా, బోర్డు దగ్గర తిండి తినడానికి వీల్లేదని, మధ్యలో లేస్తే లైన్లు ఎవరు చూస్తారని, ఒకటి రెండు నెలలు ఎంక్వైరీ బల్ల దగ్గర కూర్చోమని చెప్పింది. అక్కడ ఊళ్ళ నంబర్లూ రేట్లూ చెప్పడమే పని. ఎవరి గొంతునూ ఎవరికీ కలిపే పని లేదు. "బాగుంటే మళ్ళీ చూద్దాం, ఠీక్ హై?"

"ఠీక్ హై," అంది జయశీల.

ఎంక్వైరీ బల్ల గది మధ్యలో ఉంటుంది. అక్కడినుంచి కిటికీ పక్క బోర్డు కనిపిస్తుంది. కమలాకుమారిని ఆంధ్రా లైన్లకు మార్చారు. హోరులో గొంతు పెంచి, "నరసరావుపేట ఒచ్చింది, మాట్లాడుండ్రి," అంటోంది ఎవరితోనో. అట్లా కాదు, ఊరి పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగాలి, వాళ్ళు ఊపిరి పీల్చుకోవాలి అని చెబుదామనిపించింది జయశీలకు. బల్ల కింద డబ్బా మూత తీసి రెండు చెంచాల పెరుగన్నం తిన్నది. మెత్తగా, చప్పగా ఉంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, అది దిగుతుందా లేదా అని వింటున్నట్టు కూర్చుంది. ఎవరో ఫోనులో గుడివాడ రేటు అడిగారు. చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి దయావతి అప్పటికే డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారం కూడా మార్చకుండా స్పిరిటు దీపం ముందు కూర్చుని ఉంది. ఆరోజు ఆమె వార్డులో ఇద్దరు సిస్టర్లు రాలేదట, ముగ్గురి పని చేసిందట. జయశీల మాత్ర వేసుకుని, జావ తాగి, గోడకు ఆనుకుని కూర్చుంది. దయావతి సిరంజి సిద్ధం చేసుకుని చెల్లెలి పక్కనే మంచం మీద కూర్చుంది.

"ఎంత?" అని అడిగింది.

జయశీలకు మొదట అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆవైపునుంచి ఎప్పుడూ రాలేదు.

"ఎంత వెయ్యమంటావ్ జయా?"

"తెలియదక్కా," అంది. కాసేపాగి, "కొంచెం ఆగుదాం," అంది.

"సరే."

ఆగారు. ఎండ డాబా మీదనుంచి పిట్టగోడ ఎక్కి, గోడ దిగిపోయింది. వీధిలో కొళాయి వచ్చినట్టుంది, బిందెల చప్పుడు వినబడుతోంది. జయశీల కడుపు కింద ఏదో నెమ్మదిగా కదిలింది. తిరిగి చూసేటప్పటికి దయావతి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. తల గోడకు ఒరిగింది, నోరు కొద్దిగా తెరుచుకుంది, తెల్ల యూనిఫారం ఒడిలో సిరంజి పట్టుకున్న వేళ్ళు సడలిపోయాయి. చెల్లెలికి ఇంజక్షను పడకముందు ఆమె కన్ను మూయడం జయశీల ఎప్పుడూ చూడలేదు.

లేపలేదు. ఆ వేళ్ళలోనుంచి సిరంజి మెల్లిగా తీసుకుని, కొత్త సూది తగిలించి, సీసా తలకిందులు చేసి వెలుతురు వైపు పట్టుకుంది. నీళ్ళమందు ఒక గీత దాటింది, ఇంకో గీత దాటింది. అక్కడ ఆపుదామా అనుకుంది, ఇంకొక్క గీత రానిచ్చింది, ఆలోచించి దాన్ని మళ్ళీ సీసాలోకి నెట్టేసింది. చీర పక్కకు తీసి, తొడ మీద ఇంకా మెత్తగా ఉన్న చోటు వెతుక్కుని, తనే పొడుచుకుంది.